ముందు వైరుధ్యం, తర్వాతే ఐడియా: మిర్చి కల్లం ప్రాజెక్టు డైరీ

చట్రం

బీటెక్ మూడో ఏడాది రెండో సెమిస్టర్‌లో ఇన్నోవేషన్, ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ పేపరుకు కేటాయించిన గంటల్లోనే ఈ ప్రాజెక్టు నడుస్తోంది. వారానికి మూడు గంటలు, ఒకే బ్లాకుగా. అదే మూడు గంటల్ని మూడు రోజులకు పంచితే సామాన్లు తీసి సర్దేలోపే బెల్లు కొడుతుంది. జట్టుకు ఐదుగురు. ఒకే బ్రాంచి వాళ్లు ముగ్గురికి మించకూడదు. అందరూ సీఎస్‌ఈ వాళ్లే అయితే ప్రతి సమస్యా యాప్ దగ్గరికి చేరుతుంది, అందరూ మెకానికల్ అయితే మోటారు దగ్గరికి చేరుతుంది.

అన్ని జట్లకూ ఒకే సమస్య: మిర్చి ఎండబెట్టడం. "మీకు నచ్చిన సమస్య తెచ్చుకోండి" అంటే సగం మంది ఇంటర్నెట్‌లో దొరికిన పాత ప్రాజెక్టుకు తగ్గట్టు సమస్యను తయారు చేస్తారు. సమస్య ఒకటే అయినప్పుడు ఒక జట్టు లెక్కను ఇంకో జట్టు ప్రశ్నించగలదు. పైగా గుంటూరు, పల్నాడు వైపు కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి కాబట్టి సెమిస్టరూ కల్లమూ ఒకే కాలంలో నడుస్తాయి. ఈ కలయిక లేకపోతే విద్యార్థులకు ఖాళీ నేల తప్ప చూడటానికి ఏమీ ఉండదు.

మార్కులు: సమస్య రాత 30, లెక్కలు 20, కల్లం నోట్సు 15, నమూనా పరీక్ష 20, డబ్బు లెక్క 15. స్లైడ్లకు మార్కులు లేవు.

1వ వారం: వైరుధ్యం అంటే

మొదటి పాఠానికి తీసుకున్నది ఆసు యంత్రం. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే రంగు అద్దే ముందు దారాన్ని మేకుల చుట్టూ వరుసగా చుట్టాలంటే, ఒక్క చీరకే చేయి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1992లో మొదలుపెట్టి 1999లో యంత్రాన్ని పూర్తి చేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంతవరకూ తరగతిలో చాలామందికి తెలుసు. అడగాల్సిన ప్రశ్న వేరు: ఆ చేయి చేసే పనిని ముక్కలుగా రాయండి. మేకుల వరుస దాకా దారాన్ని తీసుకెళ్లడం, మేకు చుట్టూ తిప్పడం, వెనక్కి రావడం, పక్క మేకుకు జరగడం. ఇలా రాశాక ఏ కదలిక యంత్రానికి తేలికో, ఏది కష్టమో విద్యార్థులే చెబుతారు. "చేతి నొప్పి తగ్గించాలి" అన్నది కోరిక మాత్రమే. "దారం వదులు కాకూడదు, అయినా మేకు చుట్టూ వేగంగా తిరగాలి" అన్నప్పుడు అది సమస్య అవుతుంది.

రెండో గంటలో ట్రిజ్, అంటే ఆవిష్కరణ సమస్యలను విప్పే ఒక పద్ధతి. గెన్రిఖ్ ఆల్ట్‌షుల్లర్ 1946 నుంచి బాకూలో సోవియట్ నౌకాదళపు పేటెంటు విభాగంలో పనిచేస్తూ, వేల పేటెంట్లను చదివి పట్టుకున్న క్రమం ఇది: మంచి ఆవిష్కరణ, ఒకటి బాగుపడితే ఇంకొకటి చెడే చోట రాజీ పడకుండా వైరుధ్యాన్ని తొలగిస్తుంది. దాని నుంచే 39 లక్షణాల పట్టిక, 40 సూత్రాలు వచ్చాయి. నలభై సూత్రాలనూ మొదటి రోజే ప్రింటు తీసి పంచడం మంచిది కాదు. పంచితే విద్యార్థులు సమస్యను వదిలేసి సూత్రాలకు ఉదాహరణలు వెతకడం మొదలుపెడతారు. ఆ కాగితం మా దగ్గర ఆరో వారం దాకా బయటికి రాదు.

2, 3 వారాలు: కల్లం

ప్రతి జట్టూ రెండుసార్లు వెళ్లాలి: ఒకసారి ఉదయం మంచు ఆరేలోపు, ఒకసారి సాయంత్రం కుప్ప చేసేటప్పుడు. మధ్యాహ్నం వెళ్తే ఎండలో పరిచిన కాయలు తప్ప ఏమీ కనిపించదు. కష్టమంతా ఆ రెండు అంచుల్లోనే ఉంది.

అడిగే తీరు మీద ఒక గంట సాధన తప్పనిసరి. "ఇలాంటి మెషిన్ చేస్తే కొంటారా బాబాయ్?" అని అడిగితే, "ఎందుకు కొనం, చెయ్యండి నాయనా" అంటారు. అది మర్యాద, దాన్ని మార్కెట్ సర్వే కింద రాయకూడదు. అడగాల్సినవి జరిగిపోయిన సంగతులు: "కిందటిసారి వాన పడ్డప్పుడు కాయ ఏ దశలో ఉందండీ? పట్టా కప్పడానికి ఎవరెవరు వచ్చారు? ఎన్ని టిక్కీలు తాలుకు పోయాయి? ఆ తాలు ఎంతకు అమ్మారు?" (టిక్కీ అంటే మిర్చి బస్తా, తాలు అంటే రంగు పోయి చెడిన కాయ.) కాయలు ఏరుతున్న ఆడవాళ్లను విడిగా అడగాలి. యజమానికి గుర్తుండేది ధర, వాళ్లకు గుర్తుండేది కాయ. ఏ మూల కాయ ముందు నల్లబడుతుందో, ఏ పట్టా కింద చెమ్మ పడుతుందో వాళ్లు చూపించినంత వివరంగా ఇంకెవరూ చూపించరు.

నోట్సు పుస్తకంలో ప్రతి పేజీకి రెండు గళ్లు: "చూసింది", "అనుకున్నది". ఈ గీత లేకపోతే "రైతులకు అవగాహన లేదు" లాంటి వాక్యాలు చూసిన వాటిలో కలిసిపోతాయి. ఆ వాక్యం రాసిన జట్టును మళ్లీ కల్లానికి పంపాలి. రైతు రోజూ సాయంత్రం కాయను కుప్ప చేసి పట్టా కప్పుతున్నాడు, పొద్దున్నే తీసి పరుస్తున్నాడు. ఎండ కావాలి, మంచు వద్దు అన్న వైరుధ్యాన్ని వేళను బట్టి విడదీసి ఆయన ఎప్పుడో పరిష్కరించుకున్నాడు. ఆ పరిష్కారం ఎక్కడ విఫలమవుతోందన్నదే మన ప్రశ్న.

4వ వారం: "ఎందుకు" ఎక్కడ ఆపాలి

వరుసగా ఐదుసార్లు ఎందుకు అని అడిగే పద్ధతి అందరికీ తెలుసు. అది రెండు గోతుల్లో పడుతుంది. ఒకటి వాతావరణం, రెండోది ప్రభుత్వం. "కాయ ఎందుకు పాడైంది? తడిసింది. ఎందుకు తడిసింది? అకాల వాన. ఎందుకు? వాతావరణ మార్పు." అక్కడితో ప్రాజెక్టు ముగిసిపోతుంది. అందుకే ఒక నియమం పెట్టాం: ఈ కల్లంలో, ఈ సీజన్లో చేత్తో మార్చగలిగిన కారణం దగ్గర ఆగాలి. ఆ నియమంతో గొలుసు మరో దారి పట్టింది. తడిసింది, ఎందుకంటే పట్టా వేళకు పడలేదు. ఎందుకంటే వానకు ముందు గాలి వచ్చింది. ఎందుకంటే ఉరుముల మేఘం దగ్గరికొచ్చేటప్పుడు మొదట తగిలేది దాని నుంచి కిందికి దిగే చల్లగాలి, చినుకు ఆ తర్వాత. అంటే పట్టా పరవాల్సిన పది నిమిషాలూ పట్టా నిలవని పది నిమిషాలే.

ఈ ఒక్క వాక్యం కోసం నాలుగు వారాలు పెట్టొచ్చు. పెట్టాలి కూడా.

5వ వారం: లెక్క

ఏ ఐడియా గురించీ మాట్లాడకముందే చేసే లెక్క. కోసిన పండుమిర్చిలో తేమ 75 శాతం అనుకుందాం. నిల్వకు కావాల్సింది 10 శాతం.

100 కిలోల పండుమిర్చిలో పొడి పదార్థం 25 కిలోలు. తేమ 10 శాతానికి దిగాక మొత్తం బరువు 25 ÷ 0.9 = 27.8 కిలోలు. అంటే పోవాల్సిన నీరు 72.2 కిలోలు. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్లు. మొత్తం 173 మెగాజౌళ్లు, అంటే 48 యూనిట్లు.

ఇక్కడ విద్యార్థులు తరచూ చేసే తప్పు: 75లోంచి 10 తీసేసి 65 కిలోల నీరు అంటారు. తేమ శాతం మొత్తం బరువు మీద లెక్క, ఆ బరువే తగ్గిపోతోంది కదా. పొడి పదార్థాన్ని పట్టుకుని లెక్కిస్తేనే సరిగ్గా వస్తుంది.

ఈ 48 యూనిట్లు బోర్డు మీద పడగానే కొన్ని ఐడియాలు వాటంతట అవే రాలిపోతాయి. 100 వాట్ల సోలార్ ప్యానెల్ రోజుకు అర యూనిట్ దాకా ఇస్తుంది. దానితో హీటరు నడిపితే 100 కిలోలకు ఒక ప్యానెల్ వంద రోజులు పనిచేయాలి. ఎకరాకు 20 క్వింటాళ్ల ఎండుమిర్చి అంటే 7,200 కిలోల పండుమిర్చి, 5,200 కిలోల నీరు. బల్ల మీద పెట్టుకునే డ్రయ్యర్ బొమ్మ ఈ అంకె ముందు నిలవదు.

అసలైన మలుపు దీని తర్వాత లెక్కలో ఉంది. చదరపు మీటరుకు 10 కిలోల చొప్పున పరిస్తే 100 కిలోలకు 10 చదరపు మీటర్లు. మన దగ్గర ఎండ రోజుకు చదరపు మీటరుకు సుమారు 5 యూనిట్లు, అంటే మొత్తం 50. అందులో 30 శాతమే కాయకు పనికొచ్చినా రోజుకు 15 యూనిట్లు. 48ని 15తో భాగిస్తే మూడు రోజుల పైచిలుకు. కానీ కల్లంలో పట్టేది పది నుంచి పదిహేను రోజులు. మిగతా రోజులు ఎటు పోయాయి? కొంత కాయ తోలు దగ్గర ఆగుతుంది: పైన మైనపు పొర ఉంటుంది, లోపలి నీరు బయటికి రావడానికి దాని సమయం అది తీసుకుంటుంది. కొంత రాత్రి మంచుకు, కుప్పలో ఊరే చెమ్మకు పోతుంది. వేడి పెంచితే తోలు త్వరపడదు, రంగు మాత్రం పోతుంది. రంగు పోతే మార్కెట్ యార్డులో ధర పోతుంది.

కాబట్టి మన దగ్గర కొరత వేడికి కాదు, మంచూ వానా తగలకుండా కాయ మీద వేసే కప్పుకే. సోలార్ డ్రయ్యర్ గీసుకొచ్చిన జట్లు ఈ వారంలోనే కాగితం తిప్పేశాయి. ఇలా జరగడం కోర్సుకు చాలా ముఖ్యం. ఐడియాను మేం కొట్టేస్తే విద్యార్థి నొచ్చుకుంటాడు. తను వేసిన లెక్కే కొట్టేస్తే నేర్చుకుంటాడు.

6వ వారం: సమస్యను రాయడం, పట్టిక తీయడం

గాలి లెక్క: గంటకు 36 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 10 మీటర్లు. ఒత్తిడి 0.5 × 1.2 × 100 = 60 పాస్కల్‌లు. 20 × 30 అడుగుల పట్టా సుమారు 56 చదరపు మీటర్లు. గాలి పూర్తిగా కిందికి దూరితే 3,340 న్యూటన్‌లు, అంటే 340 కిలోల బరువు ఎత్తినంత బలం. నలుగురు నాలుగు మూలలు పట్టుకున్నా నిలవకపోవడం వాళ్ల చేతకానితనం కాదు.

ఇప్పుడు వాక్యం రాయొచ్చు: ఒక్కరు లాగగలిగేలా కప్పు తేలికగా ఉండాలి, గాలికి లేవకుండా బరువుగా ఉండాలి. ఒకే వస్తువుకు రెండు వ్యతిరేక గుణాలు కావాలి. ట్రిజ్‌లో దీన్ని భౌతిక వైరుధ్యం అంటారు. విడదీయడానికి నాలుగు దారులు: కాలంలో, చోటులో, పరిస్థితిని బట్టి, మొత్తానికీ భాగాలకూ మధ్య.

వాక్యానికి అంకె కూడా కావాలి. ఒక కోతకు 5 క్వింటాళ్ల ఎండుమిర్చి అనుకుంటే 1,800 కిలోల పండుమిర్చి, పరవడానికి 180 చదరపు మీటర్లు. ఇద్దరు మనుషులు, పది నిమిషాలు. నమూనా నెగ్గిందో లేదో చెప్పేది ఈ అంకెలే.

ఇక్కడ 40 సూత్రాల కాగితం పంచాం. పట్టికలో బాగుపరచాల్సింది కదిలే వస్తువు బరువు, చెడకూడనిది నమ్మకంగా పనిచేయడం. ఆ గడిలో ఉన్న సూత్రాలు 1, 3, 11, 27: ముక్కలు చేయడం, ఎక్కడికక్కడ వేరే గుణం, ముందస్తు రక్షణ, ఖరీదైనదానికి బదులు చవకైనవి. పట్టిక జవాబు చెప్పదు, ఏ వైపు చూడాలో చెబుతుంది. గడిని చూడగానే సూత్రాన్ని వర్తింపజేయడం కాదు, "ఇక్కడ ముక్క చేయాల్సింది ఏది?" అని అడగాలి. పట్టానా, కల్లాన్నా? పట్టాను ముక్కలు చేసిన జట్టుకు అతుకుల దగ్గర కారే నీళ్లు మిగిలాయి. కల్లాన్ని ముక్కలు చేసిన జట్టుకు సన్నటి మంచెలు (నేలకు ఎత్తున జాలీ పరిచిన బల్లలు) దొరికాయి.

7 నుంచి 9 వారాలు: నమూనాలు

మొదట చిన్న పరీక్ష. ఒక చదరపు మీటరు చట్రాలు మూడు, ఒక్కోదానిలో 5 కిలోల కాయ. ఒకటి నేల మీద పట్టాపై. రెండోది నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున నైలాన్ జాలీపై. మూడోది జాలీతో పాటు పైన 200 మైక్రాన్ల పాలిథిన్ వాలు కప్పుతో, రెండు చివరలూ తెరిచి. తేమ మీటరు అవసరం లేదు, కాటా చాలు: 75 శాతం తేమతో మొదలైన 5 కిలోలు 1.39 కిలోలకు దిగితే 10 శాతం వచ్చినట్టే. అసలు తేమ 75 అవునో కాదో ముందు తేల్చుకోవాలి. 100 గ్రాముల కాయను ముక్కలుగా కోసి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఉంచాలి. కోయకుండా పెడితే తోలు నీటిని పట్టి ఉంచి తప్పు అంకె ఇస్తుంది.

తూకం వేళలు ఉదయం 8, సాయంత్రం 5. ఎదురైన చిక్కులు: మంచు ఆరకముందే తూచడం వల్ల ఒక జట్టుకు కాయ రాత్రికి రాత్రి బరువు పెరిగింది. ఆ అంకెను తుడిచేయనివ్వలేదు. కాయ తిరిగి చెమ్మ పట్టడానికి అదే కొలత. థర్మామీటరును ఎండలో పెడితే అది గాలి వేడి కాదు, తన వేడి చెబుతుంది. నీడ గొట్టంలో పెట్టాలి. నమూనా కాయను అంచు నుంచి తీస్తే త్వరగా ఎండినట్టు కనిపిస్తుంది. నడిమి నుంచి కూడా తీయాలి.

వాన సెన్సరు మీద ఆశ పెట్టుకున్న జట్లు ఉన్నాయి. బజారులో దొరికే రాగి గీతల పలక మంచుకూ వానకూ తేడా చెప్పలేదు, కొద్ది వారాల్లో తుప్పు పడుతుంది. అది మోగేటప్పటికి చినుకు పడిపోయింది, గాలి అంతకు ముందే వచ్చేసింది. నాలుగో వారంలో రాసిన గొలుసును పక్కన పెట్టి చూస్తే ఆ సెన్సరు ఏ వైరుధ్యాన్నీ తాకడం లేదని వాళ్లకే అర్థమైంది.

మంచె కొలతలు: పొడవు 6 మీటర్లు, వెడల్పు 1.2. పైపులు 20 అడుగుల ముక్కలుగా వస్తాయి కాబట్టి కోత లేకుండా ఆ పొడవు. ఇరువైపుల నుంచీ చేయి అందాలి కాబట్టి ఆ వెడల్పు. పక్కకు నాలుగు చొప్పున ఎనిమిది సరుగుడు గుంజలు, నేలలో 40 సెంటీమీటర్లు. నడుమ దూలం జాలీకి 35 సెంటీమీటర్ల పైన. అప్పుడు కప్పు వాలు 30 డిగ్రీలు వస్తుంది, లోపల పట్టిన చెమ్మ కాయ మీద కారకుండా వాలు వెంట జారిపోతుంది. వాలు తక్కువగా కట్టిన చోట పొద్దున్నే నడిమి కాయ తడిగా దొరికింది.

ఒక మంచె 7.2 చదరపు మీటర్లు, 72 కిలోల కాయ. మొదటిసారి జాలీ నడుమ కుంగింది. కాయంతా పల్లంలోకి జారి మందంగా పేరుకుంది, అక్కడే బూజు. అడ్డంగా ప్రతి 30 సెంటీమీటర్లకు ఒక జీఐ (జింకు పూత ఇనుము) తీగ బిగించాక జాలీ నిలిచింది.

గాలి బలం మంచెకు 60 × 7.2 = 432 న్యూటన్‌లు, 44 కిలోలు. మీటరుకో కొక్కెం చొప్పున పక్కకు ఏడు, మొత్తం పద్నాలుగు పెడితే ఒక్కోదానిపై మూడు కిలోలే. కాగితం మీద చక్కగా ఉంది. కానీ కోతకు 25 మంచెలు, ఇద్దరు మనుషులు, పది నిమిషాలు: ఒక్కో మంచెకు 48 సెకన్లు. పద్నాలుగు కొక్కేలు 48 సెకన్లలో తగిలించలేరు. ఒక వైరుధ్యం తీరి ఇంకొకటి పుట్టింది: నిలవాలంటే కొక్కేలు ఎక్కువ కావాలి, త్వరగా మూయాలంటే తక్కువ కావాలి.

ఇది వచ్చిన చోట ఆగి చర్చించాలి, పద్ధతి అసలు విలువ ఇక్కడే కనబడుతుంది. పాత అలవాటైతే "సరే, ఏడు కొక్కేలు పెడదాం" అనే రాజీ వచ్చేది. 3వ సూత్రం (ఎక్కడికక్కడ వేరే గుణం) వైపు చూసిన జట్టు బలాన్ని అంచుకు మార్చింది. కప్పు ఒక పక్క శాశ్వతంగా బిగింపు. రెండో అంచులో పైపు కుట్టేశారు, కప్పు దాని చుట్టూ చుట్టి ఉంటుంది. లాగి, అవతలి నాలుగు గుంజలకు ముందే బిగించిన ఇనుప గాడుల్లో పైపును పడేస్తే చాలు. ఆ పక్క పడే 22 కిలోలను నాలుగు గాడులు పంచుకుంటాయి. గాలి రెట్టింపైతే బలం నాలుగింతలు, గాడికి 22 కిలోలు. గుంజలను ఆ అంకెకు లాగి చూడాలి.

పీవీసీ పైపు ఇక్కడ పనికిరాలేదు. ఎండకు మెత్తబడి రెండు గుంజల మధ్య విల్లులా వంగింది, ఆ సందులోంచి గాలి దూరింది. జీఐ పైపు నిలుస్తుంది గానీ బరువు, ఖర్చు ఎక్కువ. ఆరిన వెదురు ప్రస్తుతానికి మేలు.

10, 11 వారాలు: డబ్బు

బిజినెస్ మోడల్ కాన్వాసు (వ్యాపార ఆలోచనను గళ్లలో రాసే కాగితం) నింపించడం తేలిక, దానివల్ల నేర్చుకునేది తక్కువ. దానికి బదులు ఒకే సమీకరణం: కాపాడిన విలువ = (మంచి కాయ ధర − తాలు ధర) × వానకు తాలుగా మారే క్వింటాళ్లు × సీజన్లో అలా జరిగే అవకాశం. ధరలు ఆ రోజు గుంటూరు యార్డులో నడిచినవి, క్వింటాళ్లు రెండో వారం నోట్సులో రైతులు చెప్పినవి. తాలు ధర మంచి కాయలో సగానికి కూడా రాకపోవచ్చు, అందుకే తేడా పెద్దదే. కానీ అవకాశం అన్న మూడో అంకెను విద్యార్థులు ఒకటి అని రాసేస్తారు. ప్రతి ఏడూ ప్రతి కోతా తడవదు. ఆ అంకెను మార్చి మార్చి వేస్తే, ఎన్ని సీజన్లలో మంచెల ఖర్చు తిరిగొస్తుందో తెలుస్తుంది.

కల్లాల్లో వచ్చిన అభ్యంతరాలు లెక్కలో లేనివి. కల్లం చాలామందికి కౌలు నేల, గుంజలు పాతనివ్వరు. ఇరవై ఐదు మంచెలు సీజన్ అయ్యాక ఎక్కడ పెట్టాలి? అంచేత అమ్మకం కన్నా అద్దె మేలని రెండు జట్లు మారాయి: రైతు ఉత్పత్తిదారుల సంఘం దగ్గర సెట్లు ఉంటాయి, కోతకు ఇంత అని అద్దె. వెంటనే ఇంకో ముడి పడింది. ఊళ్లో కోతలన్నీ దగ్గర దగ్గరగా వస్తాయి, సెట్లు అందరికీ ఒకేసారి కావాలి. దుగ్గిరాల వైపు పసుపు ఎండబెట్టేదీ అదే కాలం. ఈ ముడి ఇంకా విడలేదు. సెమిస్టర్ ముగిసేలోపు విడకపోయినా మార్కులు తగ్గవు, దాన్ని సరిగ్గా రాస్తే చాలు.

ఆసక్తికి రుజువుగా మాటను తీసుకోం. "వచ్చే కోతకు మీ కల్లంలో ఒక మంచె వేస్తాం, సరుగుడు గుంజలు మీరిస్తారా అండీ?" అని అడగాలి. గుంజలు ఇచ్చిన రైతు కొనుగోలుదారు కావచ్చు. "బాగుంది, కానివ్వండి" అన్న రైతు పెద్దమనిషి, అంతే.

12వ వారం: పేటెంటు గురించి

ఏటా వచ్చే ఒత్తిడి: ర్యాంకింగ్ ఫైలుకు పేటెంట్ల సంఖ్య కావాలి. విద్యాసంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలే కాబట్టి వేసేయమంటారు. ఈ మంచె విషయంలో వేయకూడదన్నది మా అభిప్రాయం. భారత పేటెంటు చట్టం సెక్షన్ 3(ఎఫ్) ప్రకారం, తెలిసిన వస్తువులు దేనికది విడిగా పనిచేస్తూ పక్కపక్కన అమర్చినంత మాత్రాన ఆవిష్కరణ కాదు. 3(హెచ్) ప్రకారం వ్యవసాయ పద్ధతికి పేటెంటు రాదు. పైపు, గాడి జత ఒక్కటే కాస్త ఆలోచించదగ్గది. దాన్ని దాఖలు చేయాలనుకుంటే ప్రదర్శన రోజుకు ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయాలి, పూర్తి వివరణకు ఆ తర్వాత 12 నెలల గడువు ఉంటుంది. అందరికీ చూపించేశాక వేస్తే కొత్తదనం పోయినట్టే.

ప్రస్తుతం

నాలుగు మంచెలు రెండు కల్లాల్లో నిలబడి ఉన్నాయి. తర్వాతి బ్లాకులో పనులు: గాడులను స్ప్రింగు కాటాతో 22 కిలోల దాకా లాగి చూడటం, గుంజను నేలలో పాతకుండా, ఇసుక సంచి కట్టిన ముక్కాలి కాలుతో అదే బలం వస్తుందేమో తేల్చడం, మంచెల పని తెలియని ఇద్దరు కూలీల చేత, గాలి ఉన్న సాయంత్రం, నాలుగు మంచెలూ మూయించి గడియారం పట్టడం. విద్యార్థులు మూస్తే వచ్చే సమయాన్ని డైరీలో రాయం, వాళ్లకు దాన్ని మూయడం ఇప్పటికే చేతికి అలవాటైపోయింది.